దేవదారుకి తురాయి లెక్క

జనవరి 9

చెల్లాయీ,

నీ ఉత్తరం నిన్న అందింది. కవరు చింపేముందు వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను, లోపల ఎన్ని కాగితాలున్నాయోనని. ఒక్కటే ఉంటే ఏదో జరిగినట్టని నా లెక్క. మూడున్నాయి. అప్పుడు కూర్చుని చదివాను.

ముందు పొయ్యి సంగతి. పడుకునే ముందు గదిలో బొగ్గుల పొయ్యి ఆర్పుతున్నావా లేదా అన్నది ఈసారీ రాయలేదు. "గది వెచ్చగా ఉంది" అని మాత్రం రాశావు. వెచ్చగా ఉండడమే నాకు భయం. మా బైండింగ్ షాపు వెనక సందులో ఒకాయన... వద్దులే, రాయను, నువ్వు కంగారుపడతావు. పొయ్యి పెట్టుకుని తలుపులన్నీ బిగించి పడుకున్నాడు, పొద్దున లేవలేదు, అంతే. తలుపు కింద రెండు వేళ్ళు పట్టే సందు ఉండాలి. వేళ్ళు పెట్టి చూసి రాయి.

రెండోది మెట్లు. మీ వాతావరణ కేంద్రంలో ఉష్ణోగ్రత చూసే పెట్టె దగ్గరికి రోజుకి నాలుగుసార్లు దిగుతానన్నావు. మంచు గడ్డకట్టిన మెట్ల మీద నాలుగుసార్లు దిగడం, నాలుగుసార్లు ఎక్కడం. వెరసి ఎనిమిది. ఎనిమిదిసార్లూ పక్కనున్న కమ్మీ పట్టుకో. సాయంత్రం రేడియోలో వాతావరణం చదివేటప్పుడు ఇక్కడ షాపులో ఎవరూ నోరెత్తకూడదని నా ఆర్డరు. మీ కొండ పేరు చెప్పి, మైనస్ ఎంతో అంకె చెప్పగానే, సరే, మా చెల్లెలు ఇవాళ్టికి మెట్లు దిగి ఎక్కింది అనుకుని మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తాను.

ఇక్కడ నా కిటికీ ముందు తురాయి చెట్టు మోడైపోయింది. ఒక్క ఆకు లేదు. నల్లటి పొడుగాటి కాయలు మాత్రం వేలాడుతున్నాయి. గాలొస్తే గలగలమంటాయి, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు. నేను లేచి తలుపు గడియ చూసి వస్తాను. రోజుకి ఎన్నిసార్లని అడక్కు.

నువ్వు పంపిన దేవదారు రెబ్బ గ్లాసులో పెట్టాను. మూడు వారాలైనా రంగు మారలేదు. తెంపిన కొమ్మ అంత పచ్చగా ఉండడమేమిటి? అదీ ఓ రకంగా భయంగానే ఉంది. నా మేనకోడలు బొంగరాన్ని ఆ చెట్టుకి కట్టిన ఉయ్యాల ఎక్కనివ్వకు.

వెంటనే జవాబు రాయి.

అన్నయ్య

జనవరి 20

అన్నయ్యా,

పొయ్యి ఆర్పుతున్నాను. తలుపు కింద మూడు వేళ్ళు పట్టాయి, బొంగరం వేళ్ళయితే నాలుగు. కమ్మీ పట్టుకుంటున్నాను. ఇంకా ఏమైనా మిగిలాయా నీ మూటలో?

తమాషాగా మొదలుపెట్టాను గానీ నాకు ఒళ్ళు మండుతోంది. నీ ఉత్తరం ఎప్పటిలాగే పైకి చదివాను. మావయ్య ఉత్తరమంటే బొంగరం ఆడుతున్నది ఆపి మరీ వస్తుంది కదా. పొద్దున లేవని ఆయన దగ్గర ఆగిపోయింది. "ఎందుకు లేవలేదమ్మా?" అంది. ఏదో చెప్పాను. ఆ రోజు నుంచి పొయ్యి ఉన్న గదిలో పడుకోదు. వరండాలో చలికి ముడుచుకు పడుకుని, జలుబు చేసి, నాలుగు రోజులు జ్వరం. ఐదేళ్ళ పిల్ల అన్నయ్యా. మీ బావగారేమో కింద క్యాంపులో రోడ్డు మీద మంచు తీయిస్తూ పదిహేను రోజులకోసారి వస్తారు. నేనొక్కదాన్నే తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. నీ భయం కాగితంలోంచి దిగి దాన్ని పట్టుకుంది. ఒక్క ఉత్తరం, ఒకే ఒక్కటి, భయం లేకుండా రాయలేవా? అది వినేలా, "ఏం ఫరవాలేదు" అని.

ఇక చెట్టు. నీ తురాయికీ నా దేవదారుకీ పోలికే లేదు. నీది ఆకులన్నీ రాల్చేసి, మళ్ళీ ఒళ్ళంతా ఎర్రగా పూసి, వీధంతా తొక్కేలా పరిచేసి నానా హంగామా చేస్తుంది. నాది పడకగది గోడకి నాలుగడుగుల్లో నిటారుగా నిలబడి ఉంటుంది, ఎండైనా మంచైనా ఒకటే మొహం. పువ్వని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయినా ఏడేళ్ళుగా అది గోడ పక్కన ఉందంటే నాకో ధైర్యం.

అదే ఇప్పుడు మారింది. చలికాలం ముందు కొండ వైపు కొమ్మలు కొంచెం ఎర్రబారాయి. ఇప్పుడు పైనుంచి కిందిదాకా ఇటుక రంగు. దులిపితే సూదులు జల్లున రాలుతున్నాయి. మా కాపలా తాత "అది పోయిందమ్మా, కొట్టించేయండి" అంటున్నాడు. కొట్టాలంటే ఆ క్వార్టరులో ఉంటున్నదాన్ని కాబట్టి అర్జీ మీద నేను సంతకం పెట్టాలిట. కాగితం బల్ల మీదే ఉంది. తాతకి కట్టెల మీద కన్నుంది, ఏ చెట్టు చూసినా "పోయింది" అనే అంటాడని మా సహాయకుడు నవ్వుతాడు. కొట్టిస్తే ఉయ్యాల పోతుందని బొంగరం ఏడుపు. నాకూ మనసొప్పడం లేదు. నీ చెట్టూ ఇలాగే అవుతుంది కదా. నువ్వేమంటే అది చేస్తాను.

చెల్లి

ఫిబ్రవరి 1

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లికి ఆశీర్వాదములు.

ఇక్కడ అందరమూ క్షేమము. నీ ఉత్తరము అందినది. పాపకు జ్వరము తగ్గినదని తలచుచున్నాను.

చెట్టు విషయమై నీవు ఏమాత్రమూ భయపడవద్దు. చెట్లకు ఆకులు రాలుట, రంగు మారుట సహజము. మా వీధి తురాయి నిరుడు పూర్తిగా ఎండిపోయినట్లు కనిపించగా, దానిని కొట్టివేయించమని నేనే మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చితిని. ఇస్త్రీ బండి ఆవిడ అడ్డుపడి ఆపినది. మూడు వారములలో చెట్టంతయు పూసినది. వీధివారందరూ నవ్విరి. కావున అనవసరముగా భయపడుట తప్పని తెలుసుకొంటిని.

ఆ కాగితముపై సంతకము చేయవద్దు. ఎండలు రాగానే అదియే చిగిర్చును. పాప నిశ్చింతగా ఆ గదిలోనే పడుకొనవచ్చును. ఏమియు ఫరవాలేదు.

ఇట్లు,
నీ అన్న

ఫిబ్రవరి 12

చెల్లాయీ,

ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి, పిల్లని ఎత్తుకుని ఆ పడకగదిలోంచి బయటికి రా. సామాను తర్వాత. వచ్చాక మిగతాది చదువు.

వచ్చావా?

ముందటి ఉత్తరం నా మాటే గానీ నా రాత కాదు. నువ్వు కోప్పడ్డాక నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ ఎక్కడో ఒకచోట "జాగ్రత్త" దూరింది. నా అక్షరాలు పక్కకి ఎక్కిపోవడంతోనే భయం తెలిసిపోతోంది. అందుకని మా షాపు గుమస్తా గారికి విషయం చెప్పి రాయించాను. ఆయన తన ధోరణిలో రాశాడు. చదివి నేనే మెచ్చుకున్నాను. ఇంత ధైర్యంగా నేనెప్పుడైనా రాశానా అనిపించింది. నా బుద్ధి మండిపోనూ.

సంగతేమిటంటే, ఇవాళ పొద్దున లైబ్రరీ నుంచి కుట్లు తెగిపోయిన పుస్తకాలు పది వచ్చాయి. అందులో ఒకటి చెట్ల గురించి. పాత దారం విప్పి ఫారాలు, అదే మడత పెట్టిన పేజీల కట్టలు, వరసగా సర్దుతున్నాను, పేజీలు తప్పాయేమోనని అంకెలు చూస్తూ. నూట పన్నెండో పేజీలో దేవదారు బొమ్మ. నీ చెట్టు కదా అని చదివాను.

అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది, ఎందుకంటే పదిసార్లు చదివాను. వేడి దేశాల చెట్లు నీళ్ళు తక్కువైనప్పుడు ఆకులు రాల్చి ఊరుకుంటాయి, కొమ్మ లోపల ప్రాణం ఉంటుంది. సూదాకుల చెట్లు అలా కావు. ముదురు కొమ్మ నుంచి కొత్త చిగురు రాదు. వేరు కుళ్ళి చచ్చిపోయాక కూడా కొన్ని నెలలు ఆకు పచ్చగానే కనిపిస్తుంది. చెట్టంతా ఎర్రబడిందంటే అది చచ్చి చాలాకాలమైనట్టు. అక్కడితో ఆ ఫారం అయిపోయింది. తర్వాతి ఫారం బల్ల కింద పడి ఉంది. మోకాళ్ళ మీద పాకి దాన్ని వెతికి తీశాను. అలాంటి చెట్టు మంచు బరువుకో గాలికో వేళ్ళతో సహా ఒరిగిపోతుందని అందులో ఉంది.

నా గ్లాసులో రెబ్బ ఇప్పటికీ పచ్చగానే ఉంది చెల్లాయీ. రెండు నెలలు కావస్తోంది తెంపి. అది చూసైనా నాకు తట్టలేదు. నా చెట్టు చచ్చినట్టు కనిపించి బతికింది కాబట్టి నీదీ బతుకుతుందని చెప్పాను. దేవదారుకి తురాయి లెక్క కట్టాను. కాపలా తాత చెప్పింది నిజం.

టెలిఫోను ఆఫీసుకి పరిగెత్తాను. మీ కొండకి లైను లేదు, మంచుకి తీగలు తెగాయన్నారు. బస్సు స్టాండులో అడిగాను, రోడ్డు ఎప్పుడు తెరుస్తారో చెప్పలేమన్నారు. నిన్న రేడియోలో మీ దగ్గర రెండడుగుల మంచన్నారు. ఇక నాకు మిగిలింది ఈ కాగితమొక్కటే. బొంగరం మధ్యాహ్నం ఆ కిటికీ కింద మంచంలోనే కదా పడుకుంటుంది?

సంతకం పెట్టు. అసలు సంతకం కోసం ఆగకు, ముందు గది ఖాళీ చెయ్యి.

అన్నయ్య

ఫిబ్రవరి 15

అన్నయ్యా,

ఎవరి రాత అది?

నీ ఒకటో తారీకు ఉత్తరం, రోడ్డు కాస్త తెరవగానే, పదమూడో తారీకున అందింది. కవరు వెలుతురుకి పట్టుకుని చూశాను, నీలాగే. ఒక్క కాగితం. తీసి చూస్తే ఎవరో కొత్తమనిషి గుండ్రటి అక్షరాలు. "భయపడవద్దు", "ఏమియు ఫరవాలేదు". వెంటనే జవాబు రాయమని కూడా లేదు.

ఏడేళ్ళలో నువ్వు భయపడొద్దని రాయడం ఇదే మొదలు. నేనే అడిగాను నిజమే. కానీ నేను అడిగితే మానేసే భయమా నీది? నీకు చెయ్యి పడిపోయిందా? దబ్బనం గుచ్చుకుని సెప్టిక్ అయిందా? ఆస్పత్రి మంచం మీదనుంచి ఎవరిచేతనో రాయించావా? నన్ను కంగారుపెట్టకుండా చివరి మాటలు చెప్పినట్టుంది ఆ ఉత్తరం. చదివాక చెట్టు సంగతి బుర్రలోకే ఎక్కలేదు.

నిన్న పొద్దున్నే పిల్లని శాలువాలో చుట్టుకుని, కొలతలు సహాయకుడికి అప్పగించి, సరుకుల బండిలో బయల్దేరాను. కింద ఆయన క్యాంపు దాకా వచ్చేసరికి ముందు రోడ్డు మీద కొండచరియ పడింది. ఇక్కడే ఇరుక్కున్నాం, రేకుల షెడ్డులో. ఆయన రోడ్డు తెరిచే పనిలో ఉన్నారు. "మీ అన్నయ్యకేం కాదు, భయపడకు" అన్నారు. ఇప్పుడా మాట ఎవరన్నా నాకు భయమేస్తోంది.

బొంగరం "మావయ్య పొద్దున లేచాడా?" అని అడుగుతోంది. లేచాడని చెబుతున్నాను.

క్యాంపు ట్రాక్టరు అతను ఎలాగో టపా దింపుతానంటే ఇది ఇస్తున్నాను. నీ చేత్తో ఒక్క ముక్క రాయి. వంకరటింకరగా ఉన్నా సరే. ఎన్ని భయాలైనా సరే.

చెల్లి

ఫిబ్రవరి 18

చెల్లాయీ,

మొన్న సాయంత్రం రేడియోలో మీ కొండ అంకె చదవలేదు. "ఈ కేంద్రం నుంచి వివరాలు అందలేదు" అన్నారు. నిన్నా అదే మాట. ఇవాళా అదే.

షాపులో ఎవరూ నా మొహంలోకి చూడడం లేదు. గుమస్తా గారు రేడియో కట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, మళ్ళీ చదువుతారేమోనని. వాతావరణ శాఖ ఆఫీసుకి వెళ్ళాను. గాలివాన వల్ల అయ్యుంటుంది, తెలియగానే చెబుతామన్నాడు అక్కడి అతను. వాళ్ళ మెట్ల మీదే కూర్చున్నాను, తాళం వేసేదాకా.

మామూలుగా నాకు ఒకదాని మీద ఇంకోటి, వంద భయాలు. ఇప్పుడు ఒకటే ఉంది. ఒకటే ఉంటే ఇంత ఘోరంగా ఉంటుందని నాకు తెలియదు.

సంతకం పెట్టొద్దన్నాను. పిల్ల ఆ గదిలోనే పడుకోవచ్చన్నాను. జీవితంలో ఒక్కసారి భయపడకుండా మాట్లాడాను, అదీ దాని మంచం గురించి. వీధివాళ్ళు నవ్వారని, నువ్వు కోప్పడ్డావని ధైర్యవంతుణ్ణి అవుదామనుకున్నాను. ఎవరికి కావాలి నా ధైర్యం.

ఈ ఉత్తరం విప్పేది నువ్వేనా? నువ్వే అయితే ఒక గీత గీసి పంపు, చాలు.

అన్నయ్య

ఫిబ్రవరి 27

అన్నయ్యా,

ఇదిగో గీత. ____________ 

నేనూ బొంగరం బాగున్నాం. ఆయనా బాగున్నారు. ఇది మళ్ళీ ఒకసారి చదువుకుని, తర్వాత ముందుకెళ్ళు.

పదహారో తారీకు మధ్యాహ్నం చెట్టు పడింది. అప్పుడు మేము క్యాంపులో ఉన్నాం. రోడ్డు పైకి తెరిచాక వార్త తెలిసింది, నేనూ ఆయనా పైకి వెళ్ళాం. దూరం నుంచే క్వార్టరు పక్కన ఆకాశం ఎక్కువగా కనిపించింది. పైకప్పు మధ్యకి విరిగింది. మాను సరిగ్గా పడకగదిలోకి పడి, కొస వెళ్ళి వైర్‌లెస్ స్తంభాన్ని పడగొట్టింది. అందుకే నీ రేడియోలో అంకె లేదు. బొంగరం మంచం రెండు ముక్కలై ఉంది. దిండు మీద ఇటుక రంగు సూదులు గుప్పెడు. నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆయన బయటికి వెళ్ళి వాంతి చేసుకున్నారు.

చెట్టు మొదలు దగ్గర చూశాను. వేళ్ళు లేవు అన్నయ్యా, నానిన అట్టలాగా చేతికి ఊడి వస్తోంది లోపలంతా. సంతకం పెట్టని కాగితం బల్లతో సహా మాను కింద ఉంది.

ఇంకోటి చెప్పాలి, నువ్వు ఏడవకు, నేను ఏడ్చాను చాలు. కాపలా తాత ఆ మూడు రోజులూ సొంతూరు వెళ్ళి, సరిగ్గా అప్పుడే తిరిగొచ్చాడు. మేము వెళ్ళిపోయిన సంగతి ఆయనకి తెలియదు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చి, మేము మాను కింద ఉన్నామనుకుని, రేకులూ పలకలూ ఉత్తి చేతుల్తో పీకాడట. సహాయకుడు ఊట నుంచి నీళ్ళు తెచ్చుకుని వచ్చి, వాళ్ళు లేరు తాతా అని చెప్పేదాకా, గంటసేపు. నాలుగు వేళ్ళకి గోళ్ళు లేవు. బొంగరం పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడట. ఆయనకి కట్టెల మీద కన్నని రాశాను నీకు. ఇప్పుడు ముంగిట చెట్టంత కట్టె పడి ఉంటే చిన్న కొమ్మ కూడా తీసుకెళ్ళలేదు. తీసుకెళ్ళమంటే తల అడ్డంగా ఊపాడు.

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే పోస్టాఫీసులో ఒకే కట్టలో ఇచ్చారు. పద్దెనిమిదో తారీకుది ముందు విప్పాను. నీ రాతే. వంకరగా, పక్కకి ఎక్కి, ఇంకు మరకలతో. పోస్టాఫీసు బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను. నీ చెయ్యి బాగానే ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది.

నువ్వు తప్పు చెప్పావు. మా ప్రాణం నిలిచిందీ ఆ ఉత్తరం వల్లే. అది నీ రాతలో, నీ మాటల్లో ఉండి ఉంటే నమ్మి, సంతకం పెట్టక, ఆ గదిలోనే పిల్లని పడుకోబెట్టి ఉండేదాన్ని. అది నీలాగా లేదు కాబట్టే భయపడి పారిపోయాను. దీన్ని ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇంకెప్పుడూ నాకు భయపడొద్దని రాయకు అన్నయ్యా. భయం నాకు రాయి, నేను మనసులో చదువుకుంటాను. బొంగరానికి వేరే కాగితం మీద బొమ్మ గీసి పంపు.

చెల్లి

మార్చి 29

చెల్లాయీ,

నువ్వు గీసిన గీతని మా గుమస్తా గారికి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని, ఇక తన చేత ఉత్తరాలు రాయించొద్దని దణ్ణం పెట్టాడు.

నిన్న సాయంత్రం రేడియోలో మీ కొండ అంకె మళ్ళీ చదివారు. మైనస్ రెండు. ఎంత మంచి అంకె. షాపులో అందరి ముందూ ఏడ్చాను, సిగ్గు లేకుండా. బొంగరం బొమ్మ రెండో కాగితం మీద ఉంది. అది ఏనుగు, కుక్క కాదని చెప్పు.

తాతకి చేతితొడుగులు పంపుతున్నాను. పెద్ద పుస్తకాల వెన్నుకి వాడే మెత్తటి తోలు, రెండు వరసల కుట్టు. కొలత తెలియక వదులుగా కుట్టాను, గోళ్ళు తిరిగొచ్చేదాకా ఒరుసుకోకూడదని. ఆయన గురించి నేను అనుకున్న మాటకి క్షమించమని నువ్వు నోటితో చెప్పు.

తురాయి కొసన రెండు మొగ్గలు కనిపిస్తున్నాయి. ఇస్త్రీ ఆవిడ "చూశారా" అంది. చూశానన్నాను. కానీ ఆవిడ బండి మీదికి వంగిన కొమ్మలో ఒక చీలిక ఉంది. రెండుసార్లు చెప్పాను బండి పక్కకి జరపమని. నవ్వింది. మూడోసారి వెళ్ళి నేనే జరిపాను.

ఇక నీ సంగతి. మొన్నటి ఉత్తరంలో రాసిన ఆ కొత్త గది గోడకి ఎన్ని అడుగుల్లో ఇంకో చెట్టుంది? అడుగులు కొలిచి రాయి, కళ్ళతో చూసి అంచనా వేసి కాదు. మంచు కరుగుతుంటే మెట్లు ఇంకా జారతాయి. పైకప్పు కొత్త రేకులకి మేకులు సరిగ్గా కొట్టారా? పొయ్యి ఏ మూల పెట్టారు? కొండచరియ పడిన రోడ్డు మీద బావగారు ఒక్కరే నిలబడుతున్నారా? తలుపు కింద సందు మళ్ళీ చూడు, ఇది వేరే తలుపు కదా.

నాకు చాలా భయంగా ఉంది. వెంటనే జవాబు రాయి, మూడు కాగితాలకి తక్కువ కాకుండా.

అన్నయ్య